దేవుని ఎవరు చేసిరి?

మన గ్రామ సంఘములలో తరచుగా వినబడు వాదమొకటి కలదు. కుండ ఉన్నది గనుక కుమ్మరి ఉండవలెను. ఇల్లు ఉన్నది గనుక కట్టినవాడు ఉండవలెను. ఉన్న ప్రతిదానికిని ఒక కారణముండవలెను. కాబట్టి ఈ విశ్వమునకును ఒక కారణముండవలెను. ఆ కారణమే దేవుడు. ఈ మాట చెప్పి ఉపదేశి తృప్తితో గ్రంథము మూయును, పెద్దలు తలలూపుదురు. అంతలో వెనుక చాపమీద కూర్చున్న పదేండ్ల పిల్లవాడు, “అయ్యగారూ, ప్రతిదానికీ కారణముంటే మరి దేవుణ్ణి ఎవరు చేశారండీ?” అని అడుగును. “అట్లా అడగకూడదు, కూర్చో” అందురు. వాడు కూర్చుండును. కొన్ని యేండ్లకు వాడు పట్నమునకు పోయి కాలేజీలో చేరును. అక్కడ ఆ ప్రశ్ననే మరియొకడు ఎత్తును. అప్పుడు కూర్చోమని చెప్పుటకు ఉపదేశి దగ్గర ఉండడు.

నేను చెప్పదలచినది మొదటనే చెప్పెదను. ఆ పిల్లవాని ప్రశ్న న్యాయమైనది. మనము వాని యెదుట పెట్టిన వాదము కుంటిది. దానిని మన బోధలోనుండి తీసివేయవలెను. అయితే ఆ ఒక్క ప్రశ్నతో దేవుని విషయము తీరిపోయినదని తలంచు నాస్తికుడు కూడ పొరబడుచున్నాడు. అతడు పడగొట్టినది మన కుంటివాదమునే గాని, దాని వెనుకనున్న అసలు వాదమును తాకనైన లేదు.

ఈ ప్రశ్న నిన్న మొన్న పుట్టినది కాదు. ఇంగ్లండు దేశపు తత్త్వవేత్తయైన జాన్ స్టూవర్ట్ మిల్ తన స్వీయచరిత్రలో దీనిని వ్రాసెను. ఆ పుస్తకము ఆయన మరణించిన 1873లోనే అచ్చుపడెను. ‘నన్ను ఎవరు చేసిరి’ అను ప్రశ్నకు జవాబు దొరకదనియు, ఏలయనగా వెంటనే ‘దేవుని ఎవరు చేసిరి’ అను ప్రశ్న వచ్చుననియు ఆయన తండ్రి ఆయనకు నేర్పెనట. బెర్ట్రాండ్ రస్సెల్ అను మరియొక తత్త్వవేత్త తన పదునెనిమిదవ యేట ఆ మాట చదివి, అంతవరకు తాను నమ్మియుండిన మొదటి కారణపు వాదమును విడిచిపెట్టెను. 1927 మార్చి 6న లండనులోని బాటర్సీ టౌన్‌హాలులో, తాను ఎందుకు క్రైస్తవుడు కాడో వివరించుచు చేసిన ఉపన్యాసములో ఆయనే ఈ సంగతి చెప్పుకొనెను. గమనింపుడి, ఒక్క వాక్యము చదివినంతనే ఆ చురుకైన యువకునిలో గోడ కూలిపోయినది. వాక్యము గొప్పదగుటచేత కాదు, గోడకు పునాది లేకపోవుటచేత. ఆ పునాదిలేని గోడనే మనము నేటికిని మన పిల్లలకు కట్టి చూపించుచున్నాము.

కుండకును కుమ్మరికిని సంబంధించిన మాటకు మన దేశములోనే వేయి సంవత్సరములకు పూర్వము ఎదురుమాట వచ్చినది. బౌద్ధ పండితుడైన ధర్మకీర్తి, మట్టితో చేయబడినదై ఆకారము గలది గనుక దీనిని ఒకడు చేసియుండవలెనని వాదించువారికి పుట్టను చూపించెను. పుట్టయు మట్టిదే, దానికిని ఆకారము కలదు. అంతమాత్రమున దానిని కుమ్మరి చేసెననవలెనా? మన పొలముల గట్లమీద పుట్టలకు కొదువలేదు. అవి చెదపురుగుల పని అని పసుల కాపరికి కూడ తెలియును. తరువాతి కాలములో మిథిలకు చెందిన ఉదయనుడు న్యాయకుసుమాంజలి అను గ్రంథము వ్రాసి ఈశ్వరుడు కలడని నిరూపింప పూనుకొనెను. ఈ రెండు పక్షముల వాదము తరతరములు సాగెను. ఇంత పాత వాదములో ఎన్నడో జవాబు చెప్పబడిన మాటను, ఎవరును జవాబు చెప్పలేనిదైనట్లు మనము ప్రసంగపీఠము మీదనుండి పలుకుట సిగ్గుచేటు. ఇంకొక మాట. యిర్మీయా కుమ్మరి యింటికి పంపబడినది దేవుడు ఉన్నాడని రుజువు తెచ్చుటకు కాదు. చెడిన పాత్రను మరల చేయుటకు కుమ్మరికి ఎట్టి అధికారమున్నదో చూచుటకు. ఆ కుమ్మరిని మనము వేరు పనికి పిలుచుకొనివచ్చితిమి.

మన జిల్లాలలో ఈ ప్రశ్న అడుగువారు లేరనుకొనవద్దు. గోరా అని పేరుపొందిన గోపరాజు రామచంద్రరావుగారు 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రమును స్థాపించిరి. 1947లో అది విజయవాడకు మారినది. వారు 1975లో మరణించిరి. అంటరానితనమునకు విరోధముగా వారు సహపంక్తి భోజనములు పెట్టించి పాటుపడిరి. ఆ సంగతి మన సంఘములవారు మరువదగినది కాదు. అట్టివారి ప్రశ్నకు ఎగతాళితో జవాబు చెప్పుట మనకు తగదు. ఎగతాళికి వారు లొంగనును లొంగరు.

ఇక అసలు సంగతికి వచ్చెదము. ‘ఉన్న ప్రతిదానికిని కారణముండవలెను’ అని మొదట చెప్పినదెవరు? అరిస్టాటిలు చెప్పలేదు. ముస్లిము పండితుడైన అల్ గజాలీ చెప్పలేదు. ఆయన ‘ఆరంభము గలవాటికి’ అని హద్దు పెట్టెను. పదమూడవ శతాబ్దపు థామస్ అక్వినాసును చెప్పలేదు. అక్వినాస్ రోమా సంఘమువాడని మనలో కొందరు మొగము త్రిప్పుకొందురు. మంచి పలుగు పొరుగువాని యింటనున్నను అరువు తెచ్చుకొనుట మన పల్లెల వాడుకయే గదా. ఆయన 1274లో మరణించునాటికి ముగింపకయే విడిచిపోయిన సుమ్మా థియొలాజియా అను మహాగ్రంథములో ఒక మాట వ్రాసియున్నాడు, దానిని విన్న విశ్వాసులు అనేకులు ఉలిక్కిపడుదురు. లోకమునకు ఆరంభము కలదని మనము నమ్మవలసినదే గాని, తర్కముచేత రుజువు చేయలేము అని ఆయన తేల్చెను. అంతేకాదు, అట్టి దానికి చాలని రుజువులు తెచ్చినయెడల, ఇట్టి కారణములనుబట్టియే వీరు నమ్ముచున్నారని తలంచి అవిశ్వాసులు నవ్వుదురని హెచ్చరించెను. ఇది వ్రాసినవాడు దేవుడున్నాడని తర్కించుటకు అయిదు మార్గములు చూపినవాడే! ఆరంభమును రుజువు చేయలేమని చెప్పినవాడు మొదటి కారణమును ఎట్లు రుజువు చేయబూనెను? దీనిని గ్రహించితిమా, పిల్లవానికి జవాబు దొరకును.

కారణములు రెండు విధములు. తాతకు తండ్రి, తండ్రికి కుమారుడు పుట్టుదురు. తాత చనిపోయినను మనుమడు బ్రదికియే యుండును. కుమ్మరి పోయినను కుండ నిలుచును. ఇది వరుసగా ఒకదాని తరువాత ఒకటి వచ్చు కారణము. రెండవ విధము వేరు. అక్వినాస్ చెప్పిన దృష్టాంతము, గాలిలోని వెలుగు. సూర్యుడు వెలిగించుచున్నంతసేపే గాలిలో వెలుగుండును; సూర్యుడు పోయిన తరువాత గాలి తన వెలుగును దాచుకొనలేదు. ఆయన వెదకిన మొదటి కారణము ఈ రెండవ విధమునకు చెందినది. ఎన్నడో ఒకనాడు నిప్పంటించి వెళ్లిపోయినవానిని ఆయన వెదకలేదు. ఈ నిమిషమున ఉన్నవాటిని ఉండునట్లు చేయుచున్నది ఏది అని ఆయన అడిగెను.

దీనిని మన వరిమళ్లలో చూడవచ్చును. దిగువ మడికి నీరు ఎక్కడిది? పై మడినుండి. పై మడికి? దాని పై మడినుండి. సరే, ఆ పైన మరియొక మడి, దాని పైన మరియొకటి, ఎన్నియైనను పెట్టుడి. లెక్కలేనన్ని పెట్టుడి. ప్రతి మడియు తనకు లేని నీటిని పైదానినుండి పుచ్చుకొనునదే అయినయెడల, అంతులేని మళ్లున్నను ఒక్క వరిదుబ్బు తడియదు. ఎక్కడనో పుచ్చుకొనకుండ ఇచ్చునది ఒకటి ఉండవలెను. చెరువు ఉన్నది గదా అందురేమో, దానికిని వాననుండి నీరు రావలెను, వానకు సముద్రమునుండి రావలెను, ఉపమానము అంతవరకే. పుచ్చుకొనునది ఏదైనను, ఎంత పెద్దదైనను, మరియొక మడియే. వరుస తుదకు ఆనుకొనవలసినది మడి కానిదానిమీద.

ఇప్పుడు పిల్లవాని ప్రశ్న చూడుడి. ‘దేవుని ఎవరు చేసిరి?’ అనగా, మడి కానిదానికి పై మడి ఏది అని అడిగినట్లు. చేయబడిన దేవుడు మరియొక మడియే. అట్టి దేవుడు లేడని నాస్తికుడు చెప్పినయెడల మనమును ఆమేన్ అనవలెను. మనము చెప్పవలసినది ‘ప్రతిదానికిని కారణము కలదు’ అని కాదు, ‘తన ఉనికిని తనలో లేనిది దానిని మరియొకదానినుండి పొందుచున్నది’ అని. ఈ మాట దేవునికి మినహాయింపు అడుగదు. లెక్క అందరికి ఒకటే. తన ఉనికిని తనలోనే కలిగినది ఏదైన ఉన్నదా అనునదే ప్రశ్న.

అయితే తెలివైనవాడు ఇక్కడ ఆగడు. “ఆ మడి కానిది ఈ విశ్వమే ఎందుకు కాకూడదు?” అనును. ఇదియే నిజమైన పోరాటస్థలము. 1948 జనవరి 28న బి.బి.సి. రేడియోలో ఫ్రెడరిక్ కోపుల్‌స్టన్ అను జెస్వీటు గురువును, పైన చెప్పిన రస్సెలును ఈ విషయము మీదనే వాదించిరి. అప్పటికి రస్సెల్ డెబ్బదియైదేండ్ల వృద్ధుడు. విశ్వము ఊరకనే ఉన్నది, దాని మొత్తమునకు కారణమడుగుటలో అర్థము లేదు అనునది ఆయన పక్షము. ప్రతి మనుష్యునికి తల్లి ఉన్నది, అందుచేత మనుష్యజాతి మొత్తమునకు ఒక తల్లి ఉండవలెనా అని ఆయన అడిగెను. మంచి ప్రశ్న. ప్రతి ఇటుక చిన్నదైనంత మాత్రమున గోడ చిన్నది కానక్కరలేదు. గాని ప్రతి ఇటుకయు ఎఱ్ఱనిదైతే గోడ ఎఱ్ఱనిదే అగును. కాబట్టి సంగతి ఏ రకమైనదో చూచి తేల్చవలెను. అరువు నీటితో నిండిన మళ్లను ఎన్ని చేర్చినను సొంత నీరు గల మడి కాదు. ఇది ఎఱ్ఱ ఇటుకల వంటిది. మారుచు, పుట్టుచు, గిట్టుచు ఉన్న వస్తువులను ఎన్నింటిని కుప్పవేసినను, ‘నేను ఉండక తప్పదు’ అని చెప్పగలది ఆ కుప్పలోనుండి లేచునా? లేవదని నా నిశ్చయము. లేచునని రస్సెల్ కూడ వాదింపలేదు, అడుగుట మానుమనెను. చదరంగపు బల్ల యొద్ద కూర్చుండుటకే ఒప్పుకొననివానికి ఆట కట్టించలేమని కోపుల్‌స్టన్ ఆ సంభాషణలోనే అనెను. అది నిజమే గాని, ఆ మాటతో ఆయన గెలిచెనని చెప్పలేను. ఉన్నది ఉన్నదే అని ఒకడు ఆగిపోయినయెడల వానిని బలవంతముగా ముందుకు నడిపించు తర్కము ఏదియు లేదు. అయితే ఒక్క సంగతి వానికి చూపవచ్చును. పంటకు తెగులు వచ్చినప్పుడు, పసికందుకు జ్వరము వచ్చినప్పుడు ‘ఊరకనే వచ్చినది’ అను జవాబుతో వాడు ఎన్నడును తృప్తిపడలేదు. అన్నిటికంటె పెద్ద ప్రశ్న యొద్ద మాత్రమే ఎందుకు తృప్తిపడవలెను?

ఇక విశ్వాసుల యొద్ద నేడు ప్రబలియున్న మరియొక తొందరపాటు. బిగ్ బ్యాంగ్ అనబడు మహావిస్ఫోటమును శాస్త్రజ్ఞులు ఒప్పుకొనిరి గనుక ఆదికాండము రుజువైపోయినదని కరపత్రములలో అచ్చువేయుచున్నారు. ఈ సిద్ధాంతమునకు మూలపురుషుడు ఎవరో తెలిసినయెడల వారు ఇంకను సంతోషింతురు, ఏలయనగా ఆయన ఒక గురువు. బెల్జియము దేశపు జార్జ్ లమేత్ర్, లూవెన్ విశ్వవిద్యాలయములో ఉపాధ్యాయుడు. విశ్వము విస్తరించుచున్నదని 1927లో వ్రాసెను. అది మొట్టమొదట ఒక్క ఆదిమ అణువుగా ఉండెనని 1931లో ప్రతిపాదించెను. 1951 నవంబరు 22న పన్నెండవ పయస్ పోపు, ఈ శాస్త్రము సృష్టికర్త ఆదియందు పలికిన మాటకు సాక్ష్యమిచ్చుచున్నట్లు ప్రసంగించెను. లమేత్ర్ ఆనందించెనా? లేదు, కలవరపడెను. తన మాట వాటికను ఖగోళశాల పెద్దలకు చేరవేసెను. మరుసటి సంవత్సరము సెప్టెంబరులో ఖగోళ శాస్త్రజ్ఞుల సభనుద్దేశించి మాటలాడినప్పుడు పోపు ఆ వాదమును మరల ఎత్తలేదు. తన సిద్ధాంతము మతమునకు సంబంధించిన ఏ ప్రశ్నలోను జోక్యము కలిగించుకొనదనియు, నాస్తికుడు దానిని ఒప్పుకొని నాస్తికుడుగానే ఉండవచ్చుననియు లమేత్ర్ భావించెను.

ఆయన ఎందుకు భయపడెనో కాలచరిత్ర చూచిన తెలియును. 1948లో ఫ్రెడ్ హాయిల్ మొదలగువారు విశ్వమునకు ఆరంభమే లేదను సిద్ధాంతమును తెచ్చిరి. ‘బిగ్ బ్యాంగ్’ అను పేరు 1949లో రేడియో ప్రసంగములో పెట్టినవాడు ఆ హాయిలే, ఆ సిద్ధాంతమును ఒప్పుకొననివాడు. 1965లో అమెరికాలో పెన్జియాస్, విల్సన్ అనువారు ఆకాశమంతటినుండి వచ్చు సన్నని వికిరణమును కనుగొన్న తరువాతనే త్రాసు లమేత్ర్ వైపు మొగ్గెను. ఆ వార్త ఆయనకు 1966లో మరణమునకు కొంచెము ముందుగా అందెను. విశ్వమునకు సుమారు 1,380 కోట్ల సంవత్సరముల వయస్సు అని నేడు లెక్కింపబడుచున్నది. బాగుగానే ఉన్నది. గాని 1948 మొదలుకొని 1965 వరకు మన విశ్వాసము ఏమి చేయుచుండవలెను? ఊపిరి బిగబట్టి టెలిస్కోపువైపు చూచుచుండవలెనా? 2020లో నోబెల్ బహుమానము పొందిన రోజర్ పెన్‌రోజ్, ఈ విస్ఫోటమునకు ముందు మరియొక యుగము ఉండెనని వాదించుచున్నాడు. రేపు అదే నిజమని తేలినను నాకేమియు నష్టము లేదు. మళ్ల వరుస మనము అనుకొన్నదానికంటె పొడవైనదని తెలియును, అంతే.

దీనికి ఎదురుగా నాస్తికుల పక్షమునను తొందరపాటు కలదు. స్టీఫెన్ హాకింగ్ తన సహకర్తతో 2010లో ప్రకటించిన పుస్తకములో, ఆకర్షణ నియమము వంటిది ఉన్నది గనుక విశ్వము శూన్యమునుండి తనంతట తానే కలుగగలదని వ్రాసెను. 2012లో లారెన్స్ క్రాస్ అను భౌతికశాస్త్రజ్ఞుడు శూన్యమునుండి విశ్వము అను అర్థముగల పేరుతో ఒక పుస్తకమే వ్రాసెను. అందులోని శూన్యము ముఖ్యముగా ఏదనగా, భౌతికశాస్త్ర నియమములకు లోబడి, రేణువులు కలుగుటకు అనువైన ఒక స్థితి. విత్తనము చల్లని పొలమును చూపి ఇక్కడ ఏమియు లేదని చెప్పుట వంటిది ఇది. విత్తనము లేదు నిజమే. పొలమున్నది, పదునున్నది, ఋతువున్నది. ఈ ఆక్షేపణను ఆ యేడే న్యూయార్క్ టైమ్స్ పత్రికలో చేసినవాడు ఏ పాదిరియు కాడు, డేవిడ్ ఆల్బర్ట్ అను తత్త్వవేత్త, భౌతికశాస్త్రము చదివినవాడు.

ఏథెన్సులో అరేయొపగు సభయెదుట పౌలు నిలిచినప్పుడు ఆయన శ్రోతలలో ఎపికూరీయులుండిరి. పరమాణువుల కలయికచేతనే లోకములు కలుగుచు నశించుచున్నవని బోధించినవారు వారు. వారితో పౌలు, ఎన్నడో ఒకనాడు జరిగిన సంగతి ఒక్కటి చెప్పి ఊరకుండలేదు. ఈ పూట మన ఊపిరికిని ఉనికికిని ఆధారమైనవానినిగూర్చి చెప్పెను. మనము మన బోధలో విడిచిపెట్టినది ఆ రెండవ సగమే. లోకమును చేసి తాళము వేసి వెళ్లిన కుమ్మరిని బోధించి, పిదప వారమునకొకసారి ఆయనకు ప్రార్థన చేయుమనుచున్నాము.

ఇంత లోతు పల్లెటూరివారికి ఎక్కదని కొందరు ఉపదేశులు అనవచ్చును. చివరి మడికి నీరు రాక అర్ధరాత్రి లాంతరు పట్టుకొని గట్లమ్మట పైకి నడిచి, గండి ఎక్కడ పడినదో వెదకిన రైతుకు ఇది ఎక్కదా? కాలేజీ పంతులుకంటె అతనికే త్వరగా ఎక్కును. ఎక్కనిది మనకే, ఏలయనగా మనము ఒక వాక్యమును బట్టీపట్టి దానితో నలువది సంవత్సరములు గడుపుకొనుటకు అలవాటుపడితిమి.

కాబట్టి ఈసారి ఆ పిల్లవాడు లేచినప్పుడు కూర్చోబెట్టకుడి. “బాగా అడిగావు నాయనా” అని, వానిని పొలము గట్టుకు తీసికొనిపోయి మళ్లు చూపించుడి. వాడు తెలివైనవాడు గనుక ఇంకొకటి అడుగును. “అయ్యగారూ, అన్నిటినీ ఆయనే నిలబెడుతుంటే, మా చెల్లిని నిరుడు ఎందుకు నిలబెట్టలేదండీ?” ఈ ప్రశ్నకు మళ్ల ఉపమానము పనికిరాదు. మొదటి కారణము ఉన్నదని తర్కము చెప్పగలిగినను, ఆ కారణము మన కన్నీరు ఎరుగునో లేదో తర్కము చెప్పలేదు. అక్వినాసుకును ఆ సంగతి తెలియును. అప్పుడు తర్కము ఎత్తకుడి. వాని ప్రక్కను గట్టుమీద కూర్చుండి, ఆ చిన్నదాని పేరేమో అడుగుడి.